మంచి పనివాళ్లు మీ జట్టులోనే నిలవాలంటే ఏం చేయాలి: తిరుపతి, చిత్తూరు ప్రాంతపు చిన్న కాంట్రాక్టర్ల కోసం

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఇళ్ల పనులు పట్టే కాంట్రాక్టరును ఎవరిని కదిపినా, పనివాళ్లు నిలవడం లేదన్న మాటే మొదట వస్తుంది. గోడలు కట్టడంలో చేయి తిరిగిన బేల్దారి బెంగళూరు బస్సెక్కుతాడు, కంబీ కట్టేవాడు చెన్నై పోతాడు, స్లాబుకు అచ్చు చెక్కలు కొట్టే సెంట్రింగ్ జట్టు శ్రీసిటీ వైపు ఏదో ఫ్యాక్టరీ షెడ్డు పనికి కుదురుకుంటుంది. పెద్ద నగరాలు మనకు ఇంత దగ్గరలో ఉన్నంత కాలం ఈ పోటీ తప్పదు. అక్కడ ఇచ్చే కూలిని మనం ఇవ్వలేము కాబట్టి, కూలి ఒక్కదానితోనే పనివాడిని నిలుపుకుందామనుకునే చిన్న కాంట్రాక్టరు ఎప్పుడూ ఓడిపోతూనే ఉంటాడు.

పంతొమ్మిదేళ్లుగా తిరుపతి చుట్టుపక్కల ఇళ్లు కడుతున్నాను. శనివారం సాయంత్రం డబ్బు చేతికి వస్తుందన్న నమ్మకం, సోమవారం పొద్దున పని ఉంటుందన్న నమ్మకం, ఈ రెండూ దొరికిన చోటి నుంచి మంచి పనివాడు తేలికగా కదలడని ఇన్నేళ్లలో నాకు తెలిసింది. మిగిలిన మర్యాదలు, సౌకర్యాలు, కాగితాలు అన్నీ ఈ రెండింటి మీద నిలబడేవే. ఎనిమిది మంది నుంచి పదిహేను మంది వరకు జట్టుతో ఒకటి రెండు ఇళ్లు కట్టేవారిని దృష్టిలో పెట్టుకుని, ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరుసగా రాస్తున్నాను.

మొదట, వెళ్లిపోయినవాళ్ల లెక్క రాయండి

ఒక నోటుబుక్కు తీసుకుని, గడిచిన రెండేళ్లలో మీ దగ్గర మానేసినవాళ్ల పేర్లన్నీ రాయండి. ప్రతి పేరు ఎదుట అతను ఏ పని చేసేవాడు, ఏ నెలలో మానేశాడు, మానేసే ముందు వారం ఆ సైటులో ఏం జరిగింది అన్నవి గుర్తున్నంత వరకు రాయండి. తర్వాత వాళ్లలో ఐదారుగురికి ఫోన్ చేయండి. ఎందుకు మానేశావని అడిగితే ఊళ్లో పని పడిందనే జవాబే వస్తుంది, ఎందుకంటే మొహమాటం ఉన్న మనిషి అంతకు మించి చెప్పడు. ఇప్పుడు చేస్తున్న చోట ఏది బాగుందని అడగండి. అప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. నేను అలా అడిగినప్పుడు కూలి ఎక్కువని చెప్పినవాళ్లు ఇద్దరే. మిగిలినవాళ్లు, అక్కడ వారం వారం లెక్క తెగుతుందనో, వరుసగా పని ఉందనో, మేస్త్రి నోరు మంచిదనో చెప్పారు.

ఆ పుస్తకంలోనే, ఒక మంచి బేల్దారి పోతే మీకు ఎంత నష్టమో కూడా లెక్క కట్టండి. కొత్తగా వచ్చినవాడి చేయి మీకు తెలిసేదాకా ప్రతి గోడకూ మీరే తూకం గుండు వేసి చూసుకోవాలి. గోడ అర అంగుళం తప్పితే ఆ వంకరను పూతలో సరిచేయాలి. అంటే సిమెంటు, ఇసుక, ఒక మనిషి రోజు, మూడూ పోయినట్లే. ఇలాంటివి రెండు జరిగితే, పాత మనిషి అడిగిన యాభై రూపాయల పెంపు ఏడాది పొడవునా ఇచ్చినా అంత ఖర్చు అయ్యేది కాదని మీ లెక్కే మీకు చూపిస్తుంది.

వారం కూలి బట్వాడా తప్పకుండా ఉండేందుకు ముందే డబ్బు పక్కన పెట్టండి

చిన్న కాంట్రాక్టరు శనివారం డబ్బు ఇవ్వలేకపోతే, చాలాసార్లు అతనికి మనసు లేక కాదు. ఇంటి యజమాని కంతు ఇవ్వలేదు, బ్యాంకు రుణం విడత రాలేదు, ఇటుకల వాడికి ముందే ఇచ్చేశాడు. అయితే ఈ కారణాలన్నీ మీకూ యజమానికీ మధ్యవి. వారమంతా ఎండలో తట్టలు మోసిన మనిషికి వాటితో సంబంధం లేదు. ఆమెకు ఆదివారం ఇంట్లోకి సరుకులు తెచ్చుకోవాలి, స్వయం సహాయక సంఘం వాయిదా కట్టాలి, పిల్లవాడికి చెప్పులు కొనాలి.

అందుచేత కొత్త పని ఒప్పుకునే ముందే రెండు వారాల బట్వాడా మొత్తాన్ని పక్కన పెట్టండి. ఉదాహరణకు మీ జట్టులో నలుగురు బేల్దారులు, ఆరుగురు సహాయకులు ఉన్నారనుకుందాం. బేల్దారికి రోజుకు 1,000 రూపాయలు, సహాయకులకు 700 రూపాయలు వేసుకుంటే రోజుకు 8,200, ఆరు రోజులకు 49,200, రెండు వారాలకు 98,400 రూపాయలు అవుతుంది. అంటే చేతిలో దాదాపు లక్ష రూపాయలు కదలకుండా ఉండాలి. ఆ డబ్బు వేరే బ్యాంకు ఖాతాలో ఉంటే మంచిది. కంబీ ధర తగ్గిందనో, ఇసుక లారీ చవకగా దొరికిందనో ఆ ఖాతాలో చేయి పెట్టకండి. లక్ష రూపాయలు నిల్వ పెట్టే శక్తి ఇప్పుడు లేకపోతే, జట్టును చిన్నది చేసుకుని ఒకే ఇల్లు పట్టండి. డబ్బు లేకుండా రెండు ఇళ్లు పట్టినవాడు రెండు చోట్లా మనుషులను పోగొట్టుకుంటాడు.

యజమానితో రాసుకునే ఒప్పందంలో విడతలను పని ముగిశాక అని కాకుండా పని మొదలయ్యే ముందు అని రాయించుకోండి. పునాది తవ్వే ముందు ఒక విడత, గోడలు తలుపుల పైన లింటెల్ మట్టానికి వచ్చే ముందు ఒకటి, స్లాబుకు సెంట్రింగ్ కొట్టే ముందు ఒకటి, పూత మొదలయ్యే ముందు ఒకటి ఉండాలి. యజమాని మొదట ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు విడతల సంఖ్య పెంచి, ఒక్కో విడత మొత్తాన్ని తగ్గించండి. ఆయన భయమూ తగ్గుతుంది, మీ వారపు ఖర్చూ తీరుతుంది.

ఇచ్చే వేళ కూడా ముఖ్యమే. శనివారం సాయంత్రం ఐదున్నరకు పని ఆపి, చేతులు కడుక్కుని వచ్చేసరికి పైకం సిద్ధంగా ఉండాలి. ఫోన్‌పేలో వేయించుకునేవారికి అక్కడే వేసి, వచ్చిందని వాళ్ల ఫోనులో చూపించండి. నగదు అడిగినవారికి చిల్లరతో సహా నగదే ఇవ్వండి. భార్యాభర్తలు ఇద్దరూ మీ దగ్గర పని చేస్తుంటే, ఎవరి కూలి వారి చేతికే ఇవ్వండి. ఆమె కూలిని కూడా భర్త చేతిలో పెట్టడం మన వైపు మామూలైపోయింది గానీ, అది సరైన పద్ధతి కాదు. ఒకసారి మా సైటులో తలకు గుడ్డ కట్టుకున్న ఒక పెద్దమ్మ, నోట్లను మూడుసార్లు లెక్కపెట్టి, వాటిలో రెండింటిని విడిగా మడిచి కొంగు చివర ముడి వేసుకుంది. మిగిలినవి రవికలో దాచుకుంది. ఆ రెండూ దేనికమ్మా అని అడిగితే, మనవరాలి బడి ఫీజు అని చెప్పింది. ఆ ముడి వారం వారం పడితేనే ఆ బడి నడుస్తుంది. అప్పటి నుంచి శనివారం నేను ఊళ్లో లేకపోయినా బట్వాడా ఆగకుండా చూసుకుంటున్నాను.

అడ్వాన్సు గురించి ఒక మాట. పెళ్లికో ఆసుపత్రికో అడిగినప్పుడు ఇవ్వవలసిందే, దానిని చిన్న చిన్న కోతలతో వసూలు చేసుకోవలసిందే. కానీ మనిషిని కట్టేయడానికి అడ్వాన్సు ఇవ్వకండి. అప్పు తీరేదాకా మరెక్కడికీ పోకూడదని నిర్బంధించడం 1976లో వచ్చిన వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, అప్పు భయంతో నిలిచినవాడి చేతిలో తాపీ మనసు పెట్టి ఆడదు. వారానికి కూలిలో పదో వంతుకు మించి కోయకండి, ఎంత కోశారో, ఇంకా ఎంత మిగిలిందో అతని చేతి పుస్తకంలో కూడా రాయండి.

పని మధ్యలో తెగకుండా వరుస పెట్టుకోండి

బట్వాడా సరిగా ఇచ్చే కాంట్రాక్టరు కూడా ఇక్కడ దెబ్బ తింటాడు. స్లాబు వేసిన మరునాడు బేల్దారులకు పని ఉండదు. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న స్లాబు కింద ఊతాలను కనీసం 7 రోజులు, అంతకు మించిన వాటికి 14 రోజులు ఉంచాలి. దూలాలకైతే ఆరు మీటర్ల లోపు 14 రోజులు, మించితే 21 రోజులు. ఆ ఊతాలు ఉన్నంత కాలం కింది గదుల్లో పని సాగదు. ఆ రెండు మూడు వారాలు ఇంట్లో కూర్చోమంటే, మీ బేల్దారి నాలుగో రోజుకే లీలామహల్ సర్కిల్ వైపు ఇంకొకరి పనిలో చేరి ఉంటాడు. అక్కడ నెల రోజులు చేశాక మీ దగ్గరకు తిరిగి ఎందుకు రావాలి?

దీనికి ఉపాయం, రెండు ఇళ్లను ఎడంగా మొదలు పెట్టడం. కరకంబాడి రోడ్డులో ఒక ఇంటికి స్లాబు పడే వారానికి, అవిలాల వైపు ఇంకో ఇంటికి పునాది పూర్తయి గోడలు మొదలయ్యేలా తేదీలు పెట్టుకోవాలి. ఒకే ఇల్లు ఉన్నవారు స్లాబు తర్వాతి రోజుల కోసం ప్రహరీ గోడ, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల సంపు, మెట్ల కింది పనులను ముందే దాచిపెట్టుకోవాలి. చాలామంది ప్రహరీని మొదటే కట్టేసి, ఆ తర్వాత మనుషులకు పని లేక బాధపడతారు. నీళ్లు పట్టడం కూడా ఒక పనే. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీకి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. ఆ పనిని కాపలావాడి దయకు వదిలేయకుండా, మీ జట్టులో వయసు మళ్లిన ఒకరికి పూర్తి కూలితో అప్పగిస్తే, స్లాబూ గట్టిపడుతుంది, ఆ మనిషి కుటుంబమంతా మీ దగ్గర నిలుస్తుంది.

మన ప్రాంతపు ఏడాదిని గోడ మీద రాసి పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా ఏరులయ్యాయో చూసినవారెవరూ ఆ నెలలో పునాదులు తవ్వరు. ఆ మూడు నెలలకు లోపలి పూతలు, టైల్స్, కరెంటు గాడులు, పుట్టీ పని మిగిలి ఉండేలా వేసవి నుంచే లెక్క చూసుకోవాలి. వాన పడి పని ఆగిన రోజున, పొద్దున సైటుకు వచ్చేసిన వారికి సగం కూలి ఇవ్వండి. బస్సు దిగి తడుస్తూ వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపితే, రెండోసారి మబ్బు పట్టగానే ఇంట్లోనే ఆగిపోతారు.

జూన్, జూలైలలో చిత్తూరు వైపు తోతాపురి మామిడి కోతలు, గుజ్జు ఫ్యాక్టరీల పనులు సహాయకులను లాగేస్తాయి. అదే సమయంలో వాన పడితే వేరుశనగ విత్తడానికి సొంత పొలం ఉన్నవారు ఊళ్లకు పోతారు. పోకుండా ఆపాలని చూడకండి. ఎవరు ఏ వారం పోతారో మే నెలలోనే అడిగి రాసుకోండి, తిరిగి వచ్చే తేదీ కూడా వాళ్లనే చెప్పమనండి. తాను చెప్పిన తేదీకి మనిషి కట్టుబడతాడు. తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలో, ఆడికృత్తికకు, సంక్రాంతికి సెలవు అడిగించుకోకుండానే ప్రకటించండి. జాతర నాడు స్లాబు పెట్టుకుని మనుషులు రాలేదని తిట్టుకోవడం మన తప్పే.

హాజరు, కొలత ఇద్దరి దగ్గరా ఉండాలి

మస్టరు పుస్తకం మేస్త్రి జేబులో మాత్రమే ఉంటే అనుమానం పుడుతుంది. ప్రతి పనివాడికీ ఐదు రూపాయల చిన్న పుస్తకం ఒకటి ఇచ్చి, రోజూ సాయంత్రం అందులో ఒకటి, అర, లేదా ఒకటిన్నర అని రాసి సంతకం చేయండి. చదువు రానివారికి నిలువు గీత ఒక రోజు, అడ్డ గీత సగం రోజు. గుత్తకు ఇచ్చిన పూత, టైల్స్ వంటి పనులకు కొలత తీసేటప్పుడు ఆ పని చేసినవాడిని పక్కన నిలబెట్టుకుని, టేపు ఒక కొన అతని చేతికే ఇవ్వండి. కిటికీ, తలుపు సందులను తీసివేస్తారా లేదా, సన్‌షేడు అడుగు భాగం లెక్కలోకి వస్తుందా లేదా అన్నది పని మొదలు పెట్టే ముందే చెప్పాలి. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఈ సందుల దగ్గర పుట్టినవే.

మేస్త్రి చేతికి మొత్తం ఇచ్చి అతను పంచుకునే పద్ధతి మన దగ్గర ఉంది. అలా ఇచ్చినా, ఎవరికి ఎంత చేరిందో నెలకోసారి మీరే విడిగా అడిగి తెలుసుకోండి. మేస్త్రి కమీషను ఎంతో అందరికీ తెలిసేలా ఉంటే అతనికీ గౌరవమే.

సైటులో మొదటి రోజే చేయవలసినవి

మార్కింగు వేసే రోజే మరుగుదొడ్డి కట్టండి. రేకులతో నాలుగు వైపులా మూసి, లోపల గడియ పెట్టి, నీళ్ల డ్రమ్ము ఉంచితే చాలు. జట్టులో సగం మంది ఆడవాళ్లు ఉండే పనిలో, వాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఓర్చుకుంటున్నారంటే కారణం ఇదేనని మగవాళ్లకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. మే నెల ఎండలో నీళ్లు తాగని మనిషి పడిపోతుంది. మరుగుదొడ్డి ఉన్న సైటును వాళ్లు వదలరు, పక్క వీధిలో ఇంకో ఇరవై రూపాయలు ఎక్కువ ఇస్తామన్నా వదలరు.

సంపు తవ్విన రోజే దానికి మూత ఉండాలి. పిల్లలను వెంట తెచ్చుకునే తల్లులు ఉన్న చోట మూత లేని సంపు కన్నా భయంకరమైనది ఇంకొకటి లేదు. దగ్గరలోని అంగన్‌వాడీ ఎక్కడ ఉందో కనుక్కుని, ఆయమ్మతో మీరే మాట్లాడి పిల్లలను అక్కడ కూర్చోబెట్టించండి.

వేసవిలో పని వేళలు మార్చండి. పొద్దున ఆరు నుంచి పదకొండు, మళ్లీ మూడున్నర నుంచి ఆరున్నర వరకు అని పెట్టుకుంటే ఎనిమిది గంటలూ వస్తాయి, మనుషులూ మిగులుతారు. మధ్యాహ్నం పడుకోవడానికి నీడ, కుండలో నీళ్లు, పదిన్నరకు ఉప్పు వేసిన మజ్జిగ గానీ రాగి అంబలి గానీ ఉండాలి. దూరం నుంచి వచ్చేవారి బస్సు వేళలు కూడా చూసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి, చంద్రగిరి, వడమాలపేట వంటి చోట్ల నుంచి వచ్చేవారికి ఆ బస్సు అందేలా పది నిమిషాలు ముందు వదిలితే, వాళ్లకు ఆటో ఖర్చు మిగులుతుంది. అది మీరు కూలి పెంచినట్లే.

సిమెంటు తడిలో క్షారం ఉంటుంది, చర్మాన్ని తినేస్తుంది. పూత పనిచేసేవారి వేళ్ల సందులు చూడండి, తెల్లగా పగిలి నెత్తురు చారలు కనిపిస్తాయి. రబ్బరు తొడుగులు కొనివ్వండి, చిరిగిన వెంటనే మార్చండి, పని దిగాక కడుక్కోవడానికి మంచి నీళ్లు, రాసుకోవడానికి కొబ్బరి నూనె పెట్టండి. పరంజాకు కట్టిన తాళ్లను ప్రతి సోమవారం మీరే పట్టి లాగి చూడండి. మొదటి అంతస్తు దాటితే నడుముకు బెల్టు లేకుండా బయటి పూతకు ఎవరినీ ఎక్కించకండి. వద్దులే సార్, అలవాటే అని వాళ్లు అన్నా ఎక్కించకండి. తమ ప్రాణం గురించి తమ కన్నా ఎక్కువ పట్టించుకునేవాడిని పనివాళ్లు మరిచిపోరు.

తప్పును పది మంది ముందు చెప్పకండి

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న ఒక బేల్దారి మా దగ్గర ఉండేవారు. రసమట్టం పెట్టకముందే తాపీ పిడితో ఇటుకను రెండుసార్లు తట్టి, చెవి వంచి విని, కుదిరిందో లేదో చెప్పేవారు. ఒక రోజు యజమాని వచ్చి, వంటింటి గోడలో కిటికీ ఎత్తు తప్పిందని కేక వేశారు. యజమానికి సమాధానం చెప్పుకోవాలన్న తొందరలో, నేను కూడా అందరి ముందూ ఆయన్ని గట్టిగా మాట అన్నాను. సాయంత్రం ప్లాను తీసి చూస్తే, మారిన ఎత్తును ఆయనకు చెప్పనిది నేనే. మరునాడు ఆయన రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే, "దుడ్డు తక్కువైనా సర్దుకుంటా సార్, పది మంది ముందర మాట పడి పని చెయ్యలేను" అన్నారు. క్షమించమని అడిగాను. ఆయన కాఫీ ఇచ్చి పంపారు గానీ తిరిగి రాలేదు.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. తప్పు కనిపిస్తే అప్పటికి ఆ పని ఆపించి, మనిషిని పక్కకు పిలిచి, ముందు ప్లాను చూపి అడుగుతాను, తర్వాతే చెబుతాను. కూల్చవలసి వస్తే, తప్పు ఎవరిదైనా మొదటిసారి ఆ రోజు కూలి కోయను. అదే తప్పు అదే మనిషి మళ్లీ చేస్తే అప్పుడు విడిగా మాట్లాడతాను. యజమాని నేరుగా పనివాళ్లను అదమాయించకూడదని, ఏదైనా ఉంటే నాకు గానీ మేస్త్రికి గానీ చెప్పాలని ఒప్పందం నాడే చెప్పేస్తాను. వయసులో పెద్దవారిని మీరు అనండి, పేరు చివర అన్న అనో, మామ అనో చేర్చి పిలవండి. ఇల్లు పూర్తయి గృహప్రవేశం జరిగే రోజున, కట్టినవాళ్లను కూడా పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టమని యజమానిని ముందే అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, వాళ్లకు తట్టక పిలవరు అంతే.

చేతికి తాపీ ఇవ్వండి

ఐదేళ్లుగా తట్ట మోస్తున్న కుర్రవాడు మీ దగ్గర ఇంకా తట్టే మోస్తుంటే, అతను తాపీ పట్టుకోవడానికి వేరే ఊరు పోక తప్పదు. వారానికి రెండు పూటలు, బేల్దారి పక్కన నిలబెట్టి, పైకి కనిపించని చోట పని ఇవ్వండి. సంపు లోపలి గోడ, మెట్ల కింది గోడ, ప్రహరీ అడుగు వరుసలు నేర్చుకోవడానికి మంచివి. ఆరు నెలలకు ఒకసారి చేయి చూసి, కూలిని కొంచెం కొంచెంగా పెంచండి. నేర్పిన బేల్దారికి కూడా ఏదైనా ఇవ్వాలి, లేకపోతే తన పనికి పోటీ వస్తాడని అతను నేర్పడు. శిష్యుడి కూలి పెరిగిన ప్రతిసారీ గురువుకు ఒక పంచె, కొంత పైకం ఇవ్వడం నేను అలవాటు చేసుకున్నాను.

ఆడవాళ్ల విషయంలో మన రంగం అన్యాయంగా ఉంది. ముప్పై ఏళ్లు మోసినా వాళ్లు చిత్తాళ్లుగానే, అంటే సహాయకులుగానే మిగిలిపోతారు. టైల్స్ సందులు నింపడం, పుట్టీ పట్టడం, పాయింటింగ్ వంటి పనుల్లో వాళ్ల చేయి ఎంత శుభ్రంగా ఆడుతుందో ఒకసారి ఇచ్చి చూడండి. ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని 1976 నుంచీ చట్టం చెబుతోంది. మా జట్టులో ఇద్దరు ఆడవాళ్లు ఇప్పుడు టైల్స్ పనిలో మగవాళ్లతో సమానంగా తీసుకుంటున్నారు. వాళ్ల వెంట వాళ్ల బంధువులు నలుగురు మా దగ్గరకే వచ్చారు.

కాగితాల పని ఒక ఆదివారం పెట్టుకోండి

1996 నాటి చట్టంతో ఏర్పడిన భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో, 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసు ఉండి, గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసినవారు సభ్యులు కావచ్చు. ఆ 90 రోజులకు మీ మస్టరు పుస్తకమే ఆధారం, పని చేసినట్లు ధ్రువీకరణ మీరు ఇవ్వాలి. సెస్సు వర్తించే ఇళ్ల ఖర్చులో 1 శాతం వెళ్లేది ఈ మండలికే, కాబట్టి దాని ఫలం మీ మనుషులకు అందాలని కోరుకోవడం న్యాయమే. ఈ-శ్రమ్ నమోదు ఉచితం, ఆధార్, బ్యాంకు ఖాతా ఉంటే చాలు.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్ల వారు చేరవచ్చు. పది మందికి కలిపి 200 రూపాయలు, అంటే ఒక సిమెంటు మూట ధర కన్నా తక్కువ, ఆ డబ్బు మీరే ఇవ్వండి. ఏటా మే నెలాఖరులో ఖాతా నుంచి ఆ మొత్తం తీసుకుంటారు, అప్పటికి ఖాతాలో డబ్బు ఉందో లేదో గుర్తు చేయండి. ఇది ఉంది కదా అని మీ బాధ్యత తీరదు. పనిలో గాయపడిన మనిషికి నష్టపరిహారం ఇవ్వవలసింది పని ఇచ్చినవాడేనని 1923 నుంచీ చట్టం ఉంది, దానికి విడిగా బీమా తీసుకోండి. ఎవరికైనా దెబ్బ తగిలితే, రుయా ఆసుపత్రికి తీసుకువెళ్లేటప్పుడు ఆటోలో మీరూ కూర్చోండి, నయమయ్యేదాకా సగం కూలి అయినా ఇంటికి పంపండి.

బీహారు, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవారు జట్టులో ఉంటే, పడుకోవడానికి సిమెంటు గోదాము కాకుండా గాలి వచ్చే గది చూపండి. ఆధార్‌తో ముడిపడిన రేషన్ కార్డు ఉంటే వాళ్లు ఇక్కడి చౌకధరల దుకాణంలోనే బియ్యం తీసుకోవచ్చు, ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు.

వెళ్లేవాడిని పంపే తీరు

ఇన్ని చేసినా కొందరు వెళ్తారు. కొడుకు బెంగళూరులో ఉన్నాడనో, అప్పు తీర్చాలనో వెళ్తారు. పోతానని చెప్పిన రోజే లెక్క తేల్చి, బాకీ ఏదీ ఆపకుండా ఇచ్చేయండి. సామాన్లు మీవి వాళ్ల దగ్గర ఉంటే తర్వాత అడగవచ్చు. ఆ మనిషి పేరును నోటుబుక్కులో కొట్టివేయకుండా, ఫోన్ నంబరు, ఊరు, ఏ పనిలో చేయి బాగుందో రాసుకోండి. సంక్రాంతికి ఊరికి వస్తారని మీకు తెలుసు కదా, కనుమ తర్వాతి రోజు ఒకసారి ఫోన్ చేయండి. మీ దగ్గర అప్పటికి ఏ ఇల్లు ఏ మట్టంలో ఉందో, ఎన్ని నెలల పని ఖాయంగా ఉందో, రోజుకు ఎంత ఇవ్వగలరో ఉన్నది ఉన్నట్లు చెప్పండి. వస్తానంటే ఏ సోమవారం నుంచో అడిగి, ఆ తేదీ పుస్తకంలో రాసుకోండి, ఆ రోజుకు అతని కోసం ఒక గోడ ఆపి ఉంచండి.